ఒకే రోజులో మూడు దీవులు, మధ్యలో స్నార్కెలింగ్: ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా?

మీ ప్రశ్న ఇది: తొరైపాక్కంలో ఒకే ఆఫీసులో పనిచేసే ఆరుగురు స్నేహితులు రిపబ్లిక్ డే సెలవుల్లో చెన్నై నుంచి అండమాన్ వెళ్తున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకే రోజు రాస్, నార్త్ బే, వైపర్ దీవులు తిప్పి స్నార్కెలింగ్ (మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ అడుగు చూడటం) కూడా చేయిస్తానని ఏజెంటు అంటున్నాడు. మీలో ఇద్దరికి ఈత రాదు, ఒకరికి కళ్లజోడు తీస్తే ఎదుటి మనిషి కూడా ఆనడు. డబ్బు కట్టేయమంటారా అని అడిగారు.

దీవులు చూడటానికైతే కట్టేయండి, మంచి ప్యాకేజీయే. స్నార్కెలింగే ముఖ్యమైతే మాత్రం వద్దు. ఇవి రెండూ ఒకే రోజులో కుదరవు.

లెక్క వేసి చూడండి. రాస్ దీవిలో బ్రిటిష్ కాలపు చర్చి, బంగళాల శిథిలాలను మర్రి ఊడలు అల్లుకుపోయి ఉంటాయి, జింకలు తిరుగుతుంటాయి. అక్కడ తక్కువలో తక్కువ గంటన్నర కావాలి. వైపర్‌లో పాత ఉరికంబం కట్టడం చూసి వచ్చేయడమే, కానీ పడవ ఆగడం, దిగడం, అందరూ ఎక్కేదాకా ఆగడం మామూలే. పాత 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే లైట్‌హౌస్ నార్త్ బేదే. అక్కడ జెట్ స్కీ, సీ వాక్, స్కూబా కౌంటర్లు, టోకెన్లు, క్యూలు. మీ వంతు వచ్చాక గైడు మిమ్మల్ని ఒక రబ్బరు రింగు పట్టుకోమని పదీ పదిహేను నిమిషాలు లాక్కెళ్లి తీసుకొచ్చేస్తాడు. అది స్నార్కెలింగ్ కాదు, నీళ్లలో ఊరేగింపు. మాస్క్‌తో మొహానికి, స్నార్కెల్‌తో ఊపిరికి అలవాటు పడటానికే కొత్తవాళ్లకు ఆ పది నిమిషాలు పడుతుంది. చేపలు కనిపించడం మొదలయ్యేసరికి టైమ్ అయిపోతుంది.

పైగా అక్కడి పగలు మన చెన్నై పగలు కాదు. చెన్నైకి, పోర్ట్ బ్లెయిర్‌కి గడియారం ఒకటే అయినా పోర్ట్ బ్లెయిర్ దాదాపు 12 డిగ్రీల తూర్పున ఉంది, అంటే సూర్యుడు మనకన్నా సుమారు 50 నిమిషాలు ముందు నడుస్తాడు. జనవరి చివర్లో పదకొండున్నరకే ఎండ నడినెత్తిన ఉంటుంది, సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు కుంకుతుంది. నీళ్ల అడుగు బాగా కనిపించేది ఎండ నిటారుగా పడేటప్పుడే. అంటే మీకు పనికొచ్చే సమయం సుమారు తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. ఆ నాలుగు గంటలు రాస్ దీవిలో జింకలతో ఫొటోలు దిగి, మధ్యాహ్నం రెండున్నరకు నీళ్లలో దిగితే ఏం కనిపిస్తుంది?

నేనైతే ఇలా విడగొడతాను. రాస్, వైపర్ ఒక మధ్యాహ్నం. స్నార్కెలింగ్‌కి వేరే రోజు ఉదయం మొత్తం, ఒకే దీవిలో.

ఆ ఒక్క దీవి ఏదంటే, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేటట్టయితే జాలీ బాయ్. వండూరు దగ్గర 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో ఉందది. జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను సీజన్ల వారీగా ఒకటి మూసి ఒకటి తెరుస్తారు, పగడాలకు విశ్రాంతి దొరకాలని. జనవరిలో సాధారణంగా జాలీ బాయ్ తెరిచి ఉంటుంది. సోమవారం పార్క్ సెలవు. అటవీ శాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి, సెలవుల రద్దీలో చివరి నిమిషానికి పెట్టుకోకండి. పడవలో గంట ప్రయాణం. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు గేటు దగ్గరే తీయించేస్తారు, నీళ్ల సీసాకు డిపాజిట్ కట్టించుకుంటారు. దీవిలో దుకాణాలుండవు, కాబట్టి తిండి స్టీలు డబ్బాలో తీసుకెళ్లండి. ఇదంతా విసుగనిపించినా, ఆ దీవి ఇంకా చూడదగ్గట్టు ఉందంటే ఈ పట్టింపు వల్లే.

హేవ్‌లాక్ దీవిలో రెండు రాత్రులు ఉండేటట్టయితే ఎలిఫెంట్ బీచ్. టికెట్ మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటుంది, 2018లో పేరు మారింది. జెట్టీ నుంచి స్పీడ్‌బోటులో అరగంట లోపే. పొద్దున్న వెళ్లే మొదటి పడవల్లోనే ఎక్కండి. పది దాటాక అక్కడ మనుషులు ఎక్కువ, చేపలు తక్కువ. టికెట్‌తో వచ్చే ఉచిత స్నార్కెలింగ్‌తో సరిపెట్టుకోకుండా, గైడ్‌ని విడిగా మాట్లాడుకుని రేవుకు దూరంగా ఉన్న దిబ్బ మీదికి గంటసేపు తీసుకెళ్లమనండి. ముగ్గురికి ఒక గైడ్ చొప్పున, మీకు ఇద్దరు కావాలి. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, ఇక్కడ వద్దు.

నీల్ దీవిలో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అని బీచ్‌ల పేర్లన్నీ రామాయణమే. భరత్‌పూర్ జెట్టీ పక్కనే, నీరు లోతు లేదు, ఈత రానివాళ్లకు సుఖం. కాకపోతే అక్కడ పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, పగడాలు, రాళ్లు బయటపడిపోతాయి, ఈదేందుకు నీరే మిగలదు.

అసలు సంగతి అదే. ప్యాకేజీ కాగితంలో ఎక్కడా ఉండదు గానీ, మీ రోజు బాగుంటుందా లేదా అన్నది తేల్చేది ఆటుపోట్లే. ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటే వెళ్లే తేదీకి తిథి చూడండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు ఎక్కీ దిగే తేడా ఎక్కువ, అక్కడ రెండు మీటర్ల దాకా ఉంటుంది. నీరు ఎక్కేటప్పుడూ తీసేటప్పుడూ లాగుడు కూడా గట్టిగానే ఉంటుంది. అష్టమి దగ్గర్లో తేడా తక్కువ, నీరు నెమ్మదిగా ఉంటుంది. కొత్తవాళ్లున్న గుంపుకి నేను సప్తమి నుంచి దశమి మధ్య రోజులు ఇష్టపడతాను. సెలవు తేదీలు మీ చేతిలో ఉండవు కాబట్టి తిథి కుదరకపోతే గంటైనా కుదుర్చుకోండి: నిండు పోటుకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల చిల్లర, రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోర్ట్ బ్లెయిర్ టైడ్ టైమింగ్స్ నెట్‌లో దొరుకుతాయి. అలల ఎత్తు కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వాళ్ల సూచన చూడండి. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశానికంతటికీ సముద్రం సంగతి చెప్పేది వాళ్లే. ఒక మీటరు దాటి అలలున్న రోజు ఈత రానివాళ్లని దించకపోవడం నా పద్ధతి.

ఇంకో తేలిక దారి ఉంది: పడవవాళ్లను తెలుగులో అడగడం. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మత్స్యకారుల వాడంతా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వెళ్లినవాళ్లే. మీరు చెన్నై నుంచి వచ్చారని గైడు తమిళంలో మొదలుపెడితే, మీరు తెలుగులో అందుకోండి. "ఏటి బాబూ, మనోళ్లేనా" అన్న మాట వచ్చిందంటే ఇక మొహమాటం ఉండదు. "ఇప్పుడు పాటు మీదుంది, కాళ్లు గీరుకుంటాయి, టిఫిను చేసి రండి" అని టికెట్ అమ్మేవాడు చెప్పడు. పడవ మనిషి చెప్తాడు. ఆ మాట వినండి.

ఇక మాస్క్. మిగతా సామానంతా అద్దెకు తీసుకోండి, మాస్క్ మాత్రం చెన్నైలోనే ఎవరిది వాళ్లు కొనుక్కోండి. షాపులో పట్టీ తగిలించుకోకుండా మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి, చేతులు వదిలేయండి. ఊడిపడకుండా నిలబడితే మీ మొహానికి సరిపోయినట్టే. పట్టీ బిగిస్తే నీళ్లు రావనుకుంటారు చాలామంది. ఎక్కువ బిగిస్తే అంచు మడతపడి ఇంకా కారుతుంది. గుబురు మీసం ఉన్నవాళ్లకు పైపెదవి దగ్గర కారడం ఖాయం, ఆ నాలుగు రోజులు కత్తిరించుకుంటే పోయేదేం లేదు. కొత్త మాస్క్ లోపలి అద్దానికి తయారీలో అంటుకున్న సన్నటి పొర ఉంటుంది, అది పోయేదాకా ఆవిరి పట్టేస్తూనే ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగండి. అక్కడ దిగే ముందు బేబీ షాంపూ ఒక చుక్క రాసి నీళ్లలో ఒకసారి జాడిస్తే చాలు.

కళ్లజోడు స్నేహితుడికి పవర్ లెన్సులున్న మాస్క్‌లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. మామూలు మైనస్ పవర్ అయితే ఇబ్బంది లేదు, సిలిండర్ పవర్ ఎక్కువుంటే అంత స్పష్టంగా రాదు. ఖచ్చితమైన నంబరు దొరక్కపోతే కాస్త తక్కువ పవర్ తీసుకోవచ్చు, ఎందుకంటే నీళ్లలో వస్తువులు ఎలాగూ మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. కాంటాక్ట్ లెన్సులతో దిగడం నాకు నచ్చదు. మాస్క్‌లోకి నీరు చేరితే లెన్స్ పోవచ్చు, కంటికి ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. తప్పదంటే ఒక రోజు వాడి పారేసేవే పెట్టుకోండి.

మొహం మొత్తాన్ని కప్పేసే ఫుల్ ఫేస్ మాస్క్ కొత్తవాళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది. కొనొద్దు. లోపలికి నీరొస్తే గొట్టాన్ని నోట్లోంచి ఉమ్మేసి ఊపిరి తీసుకునే వీలుండదు, కంగారులో ఒక్క చేత్తో తీసేయడమూ కష్టం.

ఈత రాని ఇద్దరి గురించి. లైఫ్ జాకెట్ ఉంటుంది కాబట్టి మునగరు, అది నిజమే. కానీ ఈత రానివాళ్లకు అసలు చిక్కు మునగడం కాదు, మొహం నీళ్లలో పెట్టగానే ఊపిరి ఆగిపోవడం. ముక్కుకు నీళ్లు తగలబోతున్నాయనగానే ఒళ్లు దానంతటదే బిగుసుకుంటుంది. ఇది సముద్రంలో నేర్చుకునేది కాదు. మీ ఆరుగురిలో ఎవరి అపార్ట్‌మెంట్‌లోనైనా పూల్ ఉంటే, బయల్దేరేలోపు రెండు మూడు ఆదివారాలు అక్కడికి చేరండి. బీసెంట్ నగర్ బీచ్‌లో ప్రాక్టీస్ చేద్దామని ఎవరైనా అంటే మాత్రం వినకండి. చెన్నై తీరంలో కెరటాల లాగుడు ఈత వచ్చినవాళ్లనే తీసుకుపోతుంది, నీళ్లూ మట్టిగా ఉంటాయి.

పూల్‌లో నడుం లోతు నీళ్లలో నిలబడి, మాస్క్ వేసుకుని, స్నార్కెల్ నోట్లో పెట్టుకుని మొహం ముంచండి. మొదటి ఊపిరి రాదు. ఆగండి, వస్తుంది. నోటితో నిదానంగా, పొడుగ్గా, లోపలికన్నా బయటికి ఎక్కువసేపు. చిన్న చిన్న ఊపిర్లు తీసుకుంటే గొట్టంలోని పాత గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది, ఆయాసం వస్తుంది, ఆయాసం కంగారు తెస్తుంది. అయిదు నిమిషాలు మొహం ఎత్తకుండా ఉండగలిగితే సగం పని అయిపోయినట్టే. తర్వాత కావాలనే గొట్టంలోకి కాసిన్ని నీళ్లు రానిచ్చి ఒక్క ఊపున ఊదేయడం నేర్చుకోండి. మాస్క్‌లోకి నీళ్లొస్తే పై అంచును వేళ్లతో నొక్కి పట్టి, కాస్త తలెత్తి, ముక్కుతో ఊదితే కింది నుంచి పోతాయి. ఈ రెండూ చేతికి వచ్చాయంటే సముద్రంలో సగం టెన్షన్ పోతుంది. చివరి ఆదివారం లైఫ్ జాకెట్‌తో కూడా ఒకసారి చేయండి, ఎందుకంటే జాకెట్ మనిషిని నిలువుగా తేలుస్తుంది, బోర్లా పడుకోనివ్వదు. ఛాతీకి రింగు ఆనించుకుంటే సర్దుకుంటుంది. అక్కడ ఇచ్చే జాకెట్లకు తొడల మధ్య నుంచి పట్టీ ఉంటే తప్పకుండా బిగించుకోండి. లేదంటే నీళ్లలో దిగగానే జాకెట్ పైకి లేచి చెవుల దాకా వచ్చి కూర్చుంటుంది.

ఇద్దరిద్దరుగా జతలు కట్టండి, ఈత రానివాళ్లిద్దరూ ఒకే జతలో పడకుండా. జతగాడు ఎక్కడున్నాడో నిమిషానికోసారి చూసుకోవాలి. ఈ ఒక్క కట్టుబాటు మొదటి పావుగంట తర్వాత అందరూ మర్చిపోతారు, కెమెరా చేతిలో ఉన్నవాడు అందరికన్నా ముందు మర్చిపోతాడు. మొదటిసారి దిగినప్పుడు కెమెరాలన్నీ పడవలోనే వదిలేయండని నేను పట్టుబడతాను. సెల్ఫీ కోసం నిలబడాలనిపిస్తుంది, నిలబడితే కాలు ఆనేది పగడం మీదే. కొన్ని రకాల పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుతాయి. పైగా ఆ సందుల్లో పొడుగు ముళ్ల సీ అర్చిన్లు ఉంటాయి, ముల్లు దిగితే విరిగి లోపలే ఉండిపోతుంది. అంటే కాలు పెట్టకపోవడం పగడానికీ మంచిది, కాలికీ మంచిది.

ఏం కనిపిస్తుందంటే, ఫొటోల్లో చూసిన ఎర్రటి తోట మాత్రం కాదు. నీరు అన్నిటికన్నా ముందు ఎరుపునే మింగేస్తుంది, అయిదు మీటర్ల లోతుకే అది మసకబారుతుంది. బ్రోచర్ ఫొటోలు లైట్లు వేసి తీసినవి. పైగా 2010లో, మళ్లీ 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు బాగా తెల్లబడ్డాయి. లోతు తక్కువున్న చోట్ల ఇప్పటికీ విరిగిన, బూడిదరంగు కొమ్మలు చాలా కనిపిస్తాయి. వాటి మధ్యే కొత్తవి మొలుస్తుంటాయి. చేపలకు మాత్రం కొదవ లేదు. నీళ్లలో చెవులు మునిగి ఉన్నప్పుడు అటుకులు నములుతున్నట్టు కరకరమని చప్పుడు వస్తే చుట్టూ చూడండి. నీలం, ఆకుపచ్చ రంగుల ప్యారట్ ఫిష్ రాతిని కొరుకుతూ ఉంటుంది. అది రాతి మీది నాచు తిని, నలిగిన పగడాన్ని ఇసుకగా వెనక నుంచి వదిలేస్తుంది. మీరు తువ్వాలు పరుచుకున్న తెల్ల ఇసుకలో దాని వాటా చాలానే ఉంది. ఎనిమోన్ (పువ్వు రేకుల్లా తంతులు ఊపే సముద్ర జీవి) కనిపిస్తే దాని మీద రెండు నిమిషాలు కదలకుండా తేలండి. ముందు దాక్కున్న క్లౌన్ ఫిష్ ఒక్కొక్కటీ బయటికొచ్చి మిమ్మల్నే బెదిరిస్తాయి. మోచేయంత పెద్ద ట్రిగ్గర్ ఫిష్ మాత్రం మీ వైపే దూసుకొస్తుంటే అక్కడ గూడు ఉందని అర్థం. పైకి కాదు, పక్కకి ఈదండి, దాని హద్దు గూడు నుంచి పైకి గరాటులా విస్తరిస్తుంది.

స్నేహితుల ట్రిప్ కదా, ముందురోజు రాత్రి సంగతి చెప్పక తప్పదు. మందు కార్యక్రమం స్నార్కెలింగ్ అయిన రాత్రికి పెట్టుకోండి, ముందురోజు వద్దు. నిద్రలేని ఒళ్లు, ఎండిపోయిన గొంతు, ఊగే పడవ కలిస్తే ఆ ఉదయం రైలింగ్ పట్టుకునే గడిచిపోతుంది. పడవ పడనివాళ్లు వాంతుల మాత్ర పడవ ఎక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి. దాంతో మత్తు కూడా వస్తుంది కాబట్టి డాక్టర్‌ని అడిగి, చెన్నైలోనే ఒక సెలవు రోజున వేసుకుని చూసుకోండి. పొద్దున్న రెండు ఇడ్లీలు చాలు, పూరీలు వద్దు.

సన్‌స్క్రీన్ డబ్బాలకన్నా పొడుగు చేతుల రాష్ గార్డ్ (ఈత చొక్కా), మోకాళ్ల కిందిదాకా వచ్చే టైట్స్ కొనండి. బోర్లా తేలేటప్పుడు కాలేది మెడ వెనక, మోకాళ్ల వెనక. అక్కడ రాసిన క్రీము సముద్రంలోకే పోతుంది, చాలా క్రీముల్లో ఉండే ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడాలకు హాని చేస్తుందని హవాయిలో దాని అమ్మకాన్ని, థాయిలాండ్ మెరైన్ పార్కుల్లో వాడకాన్ని నిషేధించారు.

భయపెట్టడానికి కాదు గానీ మొసళ్ల బోర్డులను తేలిగ్గా తీసుకోవద్దు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, 2010లో హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలోనే చనిపోయింది. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్లకు వెళ్లకండి. తెల్లవారుజామున, సాయంత్రం చీకటిపడే వేళ దిగకండి. వల కట్టిన చోట వల లోపలే ఉండండి.

గవ్వలు, పగడం ముక్కలు ఇసుకలో పడి ఉన్నా జేబులో వేసుకోవద్దు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులితో సమానంగా రక్షణ ఉన్నవి, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో పట్టుబడితే సెలవు కాస్తా కేసవుతుంది. మీలో ఎవరికైనా స్కూబా మీద మనసైతే ఒకసారి డైవ్ చేశాక విమానానికి కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఎడం ఉంచాలి. స్నార్కెలింగ్‌కి ఆ పట్టింపు లేదు, అయినా ఫెర్రీ రద్దయితే విమానం తప్పిపోతుంది, కాబట్టి హేవ్‌లాక్ నుంచి చివరి రోజుకు ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరుకోండి. రిపబ్లిక్ డే రద్దీలో ఫెర్రీ టికెట్లు విమానం టికెట్లతో పాటే తీసేసుకోవడం మంచిది.

ఇప్పుడు మీ ఏజెంటుకు ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి: నీళ్లలో ఎంతసేపు, గైడ్‌కి ఎంతమంది, పడవ ఎన్నింటికి బయల్దేరుతుంది, వాతావరణం బాగోక రద్దయితే డబ్బు వెనక్కా లేక మరో రోజా. మొదటి ప్రశ్నకు "అదంతా చూసుకుంటాం సార్" అన్నాడంటే రాస్, వైపర్ మాత్రం అతనితో వెళ్లండి, స్నార్కెలింగ్‌కి వండూరులోనో హేవ్‌లాక్ జెట్టీలోనో మీరే నేరుగా మాట్లాడుకోండి. తేదీలు, తిరుగు విమానం టైమ్ ఇక్కడ పెడితే ఆ వారం పోటు ఎన్నింటికో చూసి ఏ ఉదయం ఖాళీ ఉంచుకోవాలో చెప్తాను.